కండక్టరమ్మ కట్టిన విమానం

సూర్యాపేట నుంచి కోదాడకు నేను రోజూ వెళ్లే బస్సులో ఆమె కండక్టర్. ఆమె సీటు కింద అట్టపెట్టెలో పాతకాలపు యుద్ధవిమానం నమూనా ఒకటి ఉండేది. వెదురుపుల్లలు, పల్చటి కాగితం. పైనొక రెక్క, కిందొక రెక్క, నడుమ బిగించిన దారాలు. బస్సు ఎక్కడ కాసేపు ఆగినా దాని మీద వంగి కూర్చునేది.

“ఒక్క రెక్క సాలదా మేడం?” అని ఓసారి అడిగాను.

“గదే తెల్వక చేస్తున్న సార్.”

ఏడాదికి పూర్తయింది. ఆ వారమే రద్దీలో ఒక ముసలాయన బియ్యం మూట జారిపడి, సీటు మీద పెట్టిన విమానం ఎడమవైపు విరిగిపోయింది. ఆయన బిత్తరపోయాడు.

“ఏం గాదు తాతా, కూసో” అంది.

కోదాడలో అందరూ దిగాక, ఏడుస్తుందేమోనని నేను ఆగాను. ఆమె చిన్న కత్తెర తీసి, బాగున్న వైపు దారాలను ఒక్కొక్కటే కత్తిరించసాగింది.

“ఉన్నది గూడ పాడు చేస్తున్నరేంది మేడం?”

“జర ఆగుండ్రి సార్.”

చివరి దారం తెగగానే ఆ వైపు రెక్కలు రెండూ వాలిపోయాయి.

“సూసిండ్రా? ఏ రెక్కా ఒక్కటే నిలవడదు. ఒకదాన్నొకటి గుంజి పట్టుకుంటున్నయి.”

ముక్కలు ఒళ్లో పెట్టుకుని, డ్రైవరును పిలిచి, అదంతా అతనికి మళ్లీ మొదటినుంచి చెప్పసాగింది.