బాహూరు మీద వెల్లకిలా ఎగిరిన విమానం

ఎనభైల మొదట్లో యానాం నుంచి పాండిచ్చేరి వచ్చి, లాస్‌పేటలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో చేరాను. నా రేడియో మూగబోతే బాగుచేయించడానికి ముత్తియాల్‌పేట వెళ్లాను. అక్కడి మెకానిక్ తరతరాలుగా ఆ ఊళ్లోనే స్థిరపడ్డ తెలుగాయన. తెలుగు చదవడం రాదు గాని, మాట మొదలుపెడితే ఆపడు. నెల తిరక్కుండానే అన్నా అని పిలవడం మొదలుపెట్టాను.

అన్నకు రిమోటుతో ఎగిరే చిన్న విమానాలంటే పిచ్చి. తేలికపాటి బల్సా చెక్కతో తనే చేసుకునేవాడు, ఎగరేసిన ప్రతిసారీ తనే కూల్చేవాడు. గాలికి రెక్క వాలితే చాలు, కంగారులో సరిచేయబోయి ఇంకా వాల్చేవాడు. విరిగిన ముక్కలన్నీ వదిన ఒక గోనెసంచిలో దాచేది.

నాకో ఆలోచన వచ్చింది. ఆకాశం వెలుగుగా ఉంటుంది, నేల మసకగా ఉంటుంది. వెలుతురును పసిగట్టే సెన్సర్లను విమానానికి రెండు పక్కలా బిగిస్తే, వాలిన వైపు దానికి నేల కనిపిస్తుంది, రెండోదానికి ఆకాశం. ఆ తేడాను బట్టి సర్క్యూటే రెక్కల్ని సమం చేసేస్తుంది.

మద్రాసు నుంచి సెన్సర్లు తెచ్చి నెలరోజులు కుస్తీ పట్టాం. కొట్లో విమానాన్ని దూలానికి వేలాడదీసి, కింద బల్ల మీద లైటు పెట్టి, రెక్కలు సరిగ్గా సర్దుకునేదాకా వైర్లు మార్చి మార్చి పరీక్షించాం. ఎటు వంచినా అది బుద్ధిగా సర్దుకోబోయేది. అన్న నన్ను వాటేసుకున్నాడు.

ఆదివారం ముగ్గురం బాహూరు చెరువు దగ్గరికి వెళ్లాం. విమానం పైకి లేచింది, రెండు క్షణాలు నిదానంగా పోయింది, ఒక్కసారి వెల్లకిలా తిరిగింది. అన్న తిప్పితే తిరిగేది, మళ్లీ వెల్లకిలా పడుకునేది. అలాగే, ఎంతో స్థిరంగా, పొలాల మీదుగా సాగిపోయింది.

“ఏంది తమ్ముడూ ఇది! యాడికి పోతాండాది?”

“అన్నా, ఇంజను తగ్గించు!”

తగ్గించాడు. అది నాట్లు వేసిన మడిలో మెత్తగా వీపు ఆనించింది. మోకాళ్ల లోతు బురదలో దిగి తెచ్చుకున్నాం. తోక తప్ప ఏమీ విరగలేదు. నా సర్క్యూటు ఎక్కడ తప్పిందో అర్థంకాక తల పట్టుకున్నాను.

వదిన నవ్వు ఆపుకోలేకపోతోంది. “కొట్లో లైటు యాడ పెట్టినారు మీరు? కింద గదా! వెలుగు కిందనే ఉంటాదని నేర్పించినారు దానికి. అది మీరు చెప్పినట్టే చేసె.”

ఫిజిక్స్ చదివినవాణ్ణి నేను. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. రెండు సెన్సర్ల వైర్లూ అటుదిటు మార్చాను. అతికించిన తోకతో పై ఆదివారం మళ్లీ వెళ్లాం.

ఈసారి గాలి కొట్టినప్పుడల్లా రెక్క వాలి, దానంతటదే లేచింది. అన్న భయం భయంగా రిమోటు మీంచి ఒక వేలు తీశాడు, తర్వాత రెండో వేలు. విమానం చెదరలేదు. ఆయన తల ఎత్తి అలాగే నిలబడిపోయాడు.

“ఇన్ని చేసినాను గదా తమ్ముడూ, ఒక్కటి కూడా ఎగరతా ఉంటే సరిగ్గా సూడలేదు నేను. ఎంత అళగుగా, ఎంత అందంగా ఉండాది!”

వదిన ఆయన చేతిలోంచి రిమోటు తీసుకుంది. “అయితే మీరు సూస్తా ఉండండి. నేను తిప్పతా.”

ఆ సాయంత్రం విమానాన్ని నేల మీద దించింది ఆవిడే.