పలకని డైవర్

చుట్టూ సముద్రమే ఉన్న దీవిలో, బాంబూఫ్లాట్‌లో పుట్టి పెరిగినవాడికి నీళ్లంటే భయం ఏముంటుందని అందరూ అనుకుంటారు. మణికుమార్‌కి ఉండేది. ఉండి కూడా నేవీలో చేరి, అందులోనూ డైవర్ పనిని కోరి తెచ్చుకున్నాడు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. తల్లి యర్రమ్మకి ఆ సంగతి తెలుసు గానీ, ఆవిడ అంత తేలిగ్గా నోరు విప్పే మనిషి కాదు. జెట్టీ పక్కన ఎండుచేపలు అమ్ముకుంటూ, బేరం దగ్గర తప్ప గొంతు పెంచకుండా, ఉన్న ఒక్క కొడుకునీ పెంచి పెద్ద చేసింది.

వాళ్లది భీమిలి వైపు నుంచి తాతలనాడే దీవులకొచ్చిన కుటుంబం. మణి తండ్రి కన్నారావుకి చిన్న ఇంజను పడవ ఉండేది. మణి మూడో తరగతిలో ఉండగా ఒకరోజు వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ మాత్రం దొరికింది. వల మడత పెట్టింది పెట్టినట్టే ఉంది, తడవనైనా లేదు. అన్నం గిన్నె మూత కూడా తీయలేదు. పోనీ తుఫాను వచ్చిందా అంటే అదీ లేదు. ఆ రోజు గాలి కూడా ఆడలేదని వెతకడానికి వెళ్లినవాళ్లు చెప్పారు. మనిషి ఏమయ్యాడో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

శవం దొరకని మనిషి విషయంలో ఆ వాడ జనానికి ఒక కట్టుబాటుంది. అలా పోయినవాడు నీళ్లలోంచి ఇంటివాళ్లను పేరు పెట్టి పిలుస్తాడట. పలికితే వెంట తీసుకుపోతాడట. అందుకని వినబడ్డా విననట్టే ఉండాలి. ఇది వాళ్లకి దెయ్యాల కథ కాదు. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడమని చెప్పినట్టే పిల్లలకి ఇదీ చెబుతారు. మణికీ అలాగే చెప్పారు. నీళ్లలో తండ్రి ఉన్నాడని వాడి భయం. ఉన్నాడనే ఆశతోనే వాడు డైవరయ్యాడు. రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయని నన్నడగొద్దు, మనుషులు అలాగే ఉంటారు.

ఏళ్ల తరబడి దిగాడు. ఏమీ వినిపించలేదు. పెళ్లయింది. డెలానీపూర్‌లో టీచరుగా పనిచేసే సుష్మ ఇంటికొచ్చింది. ఇక వినిపించదులే అని మణి మనసు కుదుటపడ్డాక, అప్పుడు వినిపించింది.

జెట్టీకి కట్టిన ఒక ఓడ అడుగు ఎలా ఉందో చూసి రావడానికి ఆ ఉదయం దిగాడు. డైవర్‌కి పైనుంచి గొట్టంలో గాలి వస్తుంది, తీగ మీద మాట వస్తుంది. పైన నిలబడిన గోపినాథ్ మధ్యమధ్య పిలుస్తుంటాడు, కిందివాడు పలకాలి. పలకలేదంటే ఏదో అయిందనే లెక్క. ముందురోజు వాన పడడంతో నీళ్లు బురదగా ఉన్నాయి. చాపిన చేయి కనబడదు. ఓడ కింద తడుముకుంటూ పోతుంటే మణికి ఎడమ చెవిలో హోరు మొదలైంది. కాసేపటికి ఆ హోరు పలచబడి, అందులోంచి ఒక గొంతు, ఏ తొందరా లేకుండా, "ఒరే మణిగా" అంది.

పైనుంచి కాదు, కిందనుంచి. మూడో తరగతిలో ఆఖరిసారి విన్న గొంతుని గుర్తుపట్టడానికి మణికి క్షణం పట్టలేదు. పళ్లు బిగబట్టి, చేతిలో పని ఆపకుండా తడుముతూనే ఉన్నాడు. మళ్లీ పిలిచింది. ఈసారి భుజం పక్కనుంచి. ఆ తర్వాత చెవిన పడిన ఏ పిలుపుకీ అతను పలకలేదు. వాటిలో గోపినాథ్ పిలుపులు ఎన్నో, రెండోవాడివి ఎన్నో అతనికి తెలియదు. తాడు లాగి పైకి తెచ్చేసరికి అక్కడ అందరి మొహాలూ పాలిపోయి ఉన్నాయి. కింద మనిషి అయిపోయాడనే అనుకున్నారు.

ఎందుకు పలకలేదని యూనిట్ డాక్టరు అడిగాడు. ఇక్కడే మణి నోరు జారాడు. చనిపోయిన మా నాన్న పిలిచారు సార్, మాలో అలాంటప్పుడు పలకకూడదు అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తన వాడలో ఎవరికి చెప్పినా తలూపే మాట అది. యూనిట్ డాక్టరు ఎక్కడో పంజాబ్ వాడు, ఆయనకేం తెలుసు. చెవిలో లైటు వేసి చూశాడు, లోపల పొర బాగానే కనిపించింది. చెవి బాగుంటే ఇక బాగోలేనిది మనసేనని అనుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. చచ్చినవాళ్లు పిలుస్తున్నారనే మనిషిని ఏ డాక్టరు మాత్రం నీళ్లలోకి దింపుతాడు? డైవింగ్ ఆపేశారు, తుపాకీ ముట్టుకోవద్దన్నారు. మతి సరిగా లేదని ముద్ర పడితే డైవింగేమిటి, మొత్తం ఉద్యోగమే పోతుంది. ఆ తర్వాత దీవిలో ఎక్కడికెళ్లినా పిచ్చోడనే పేరు ముందే వెళ్లి కూర్చుంటుంది.

మణికి అంతకన్నా పెద్ద దిగులు ఇంకోటి ఉంది. నిజంగానే తనకి పిచ్చేమోనని అనుమానం పట్టుకుంది. చాతం నుంచి బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీలో ఒక సాయంత్రం గోపినాథ్ పక్కనొచ్చి నిలబడ్డాడు. చాతం రంపపు మిల్లు వెనకబడ్డాక మెల్లిగా అన్నాడు.

"మణి భయ్యా, ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకు, బురా మత్ మాన్నా. తీగ మీద మేం డైవర్ అనే పిలుస్తాం. మణి అని ఎవరూ అన్లేదు."

ఆ మాట తనకీ తెలుసని మణి అన్నాడు. ఇద్దరూ నీళ్లకేసి చూడడం మానేసి, ఫెర్రీలో ఉన్న స్కూటర్లకేసి చూస్తూ నిలబడ్డారు.

సుష్మ మాత్రం ఏడుస్తూ కూర్చునే రకం కాదు. భర్త మీద ఓ కన్నేసి ఉంచింది. ఫోను మోగితే అతను కుడి చెవికే పెట్టుకుంటున్నాడు. ఎడమ పక్క నడుస్తూ తనేమైనా అంటే పలకడం లేదు, కుడి పక్కకి మారి అదే మాట అంటే పలుకుతున్నాడు. పిచ్చి అయితే రెండు చెవులకీ ఎక్కాలి గానీ ఒక్కదానికే ఎక్కుతుందా అని నిలదీసి, ఇంకో డాక్టరుకి చూపించుకోమంది. యూనిఫాంలో ఉన్నవాడికి డాక్టరు మాటంటే పైఅధికారి హుకుమే. చెప్పకుండా బయట చూపించుకుంటే తప్పు. ఇంకొకరు చూడాలని అడిగితే ఎదురు తిరిగినట్టు. మొండికేస్తున్నాడు, పిచ్చికి అదే గుర్తు అన్నా అనగలరు.

చివరికి టోపీ సరిచేసుకుని కమాండింగ్ ఆఫీసర్ ముందు నిలబడ్డాడు. నాకు పిచ్చే అని తేలితే ఒప్పుకుంటాను సార్, కానీ ఒక్కరు కాదు, ఇంకొకరు కూడా చూసి చెప్పాలి అన్నాడు. అడగడం నీ హక్కే అని ఆఫీసర్ అతన్ని విశాఖలోని నేవీ ఆసుపత్రికి పంపించాడు.

అక్కడ చెవి డాక్టరు శారదాదేవి, తెలుగావిడ, మొట్టమొదట అడిగిన ప్రశ్న ఏ చెవి అని. ఇన్నాళ్లూ ఎవరూ అడగని ప్రశ్న అదే. స్కాన్‌లో ఎడమ చెవి నరం మీద చిన్న కణితి కనిపించింది. ప్రాణానికి ముప్పు లేని రకమే గానీ తీసేయాలి, తీస్తే ఆ చెవి ఇక వినబడదు.

"అయితే నాకు పిచ్చి లేదా మేడమ్?"

"లేదయ్యా. చెవి ఏదో చప్పుడు చేస్తుంది, మనసు దానికి తెలిసిన గొంతు తగిలిస్తుంది. అంతే."

మణి అక్కడే బావురుమన్నాడు. అంత సంతోషం అతనికి పెళ్లినాడు కూడా కలగలేదు. ఆ తర్వాత వార్డులో పడుకుని ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. చెవి చప్పుడే అయితే నాన్న పిలవనే లేదన్నమాట. అప్పుడూ కన్నీళ్లొచ్చాయి, కానీ అవి వేరు.

ఆపరేషన్ గదికి తోసుకెళ్తుండగా ఆ గొంతు ఇంకోసారి పిలిచింది. ఎప్పటిలా నింపాదిగా కాదు. ఆయాసపడుతూ, వెనక పరిగెత్తుకొస్తున్నవాడి పిలుపు అది. మణి పెదవి కొరుక్కున్నాడు. ఇంతలో మత్తిచ్చారు.

దీవికి తిరిగొచ్చేసరికి ఎడమ పక్క లోకమంతా మూసేసినట్టుంది. డైవింగ్ ఎలాగూ పోయింది గానీ ఉద్యోగం నిలిచింది, స్టోర్స్‌లో వేశారు. యూనిట్ డాక్టరు తనే వచ్చి చేయి పట్టుకుని, నేను పొరబడ్డానయ్యా అన్నాడు. సెలవు మీద తల్లి దగ్గరకెళ్లిన మణికి చాన్నాళ్ల తర్వాత ఆకలేసింది. సాయంత్రం ఆవిడ జెట్టీ పక్కన ఎండకి పరిచిన చేపలు ఏరి బుట్టలో వేస్తుంటే తనూ పక్కన కూర్చుని, కణితి గురించి, డాక్టరమ్మ అన్న మాట గురించి పూసగుచ్చినట్టు చెప్పాడు. యర్రమ్మ వింటూనే ఉంది. వింటూ వింటూ చేయి ఆపి, తల నీళ్లవైపు వంచింది.

"ఏటమ్మా?" అన్నాడు మణి.

"ఆ కణితే పిలిసిందంటావా నాయనా?"

"అదేనమ్మా. స్కానింగ్‌లో కణితి సాఫ్‌గా కనబడింది."

"మరి నాకినబడతందేటి?"

మణి కుడి చెవి నీళ్లవైపు తిప్పాడు. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎప్పటినుంచని అడిగాడు. నీకు కోత పడిన రోజు నుంచి, అంతకుముందు ఎన్నడూ లేదు అంది. మణి వెంటనే సర్దుకుని, పెద్దవయసులో చెవికి ఏవైనా రావచ్చని, తనతో విశాఖ వస్తే అదే డాక్టరమ్మకి చూపిస్తానని బతిమాలాడు. యర్రమ్మ తల అడ్డంగా ఊపింది.

"వద్దురా. ఉందంటే తీసేత్తారు."

పొద్దు వాలుతోంది. ఆవిడ ఇంకా వింటూనే ఉంది, మొహంలో భయం లేదు, ఏదో పాత సిగ్గులాంటిది ఉంది. ఉండబట్టలేక అతను అడిగాడు.

"ఏటంటన్నాడమ్మా?"

"నన్ను కాదురా పిలిసేది. నిన్నే. మణిగాడు పలకడేటే, వాడికేటైందే అని నన్నడుగుతున్నాడు."

మణి నోరు తెరిచాడు. యర్రమ్మ చేపల చేత్తోనే ఆ నోరు గట్టిగా మూసేసింది.