మేకుకు నల్ల బిళ్ళ

దయ్యాలంటే నాకు నవ్వు. గోదావరిఖనిలో పదహారేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. జవాబు రాని లెక్క ఉండదని నా నమ్మకం. మా కాలనీలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు దవాఖానకు తీసుకుపొమ్మని పోట్లాడే మనిషిని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ నోరు విప్పి చెప్పలేదు. చెబితే మొదట నవ్వేది నాలాంటి వాళ్లే.

మా ఆయన సమ్మయ్య బొగ్గు గనిలో పనిచేస్తాడు. మా దగ్గర గనిని బాయి అంటారు. బాయి దిగేటప్పుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను లాంపు రూములో ఇచ్చి టోపీ లైటు తీసుకుంటాడు. ఆ బిళ్ళను అక్కడ ఆయన నంబరు మేకుకు తగిలిస్తారు. పైకొచ్చి లైటు ఇచ్చేస్తే బిళ్ళ చేతిలో పెడతారు. మేకుకు బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం.

పోయిన ఏడు పెళ్లిరోజుకు మూడు రోజులు బ్యాంకాక్ వెళ్లాం. బయలుదేరే ముందు ఆ బిళ్ళను దేవుడి గూట్లో కుంకుమ భరిణె కింద నేనే పెట్టాను. శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ వాళ్లు ఆయన జేబులు రెండుసార్లు తడిమారు. బీరువా తాళంచెవి తప్ప ఏమీ దొరకలేదు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

ఊరు నాకు భలే నచ్చింది. ఎండా, ఉక్కపోతా మన రామగుండంలాగే ఉన్నాయి గానీ, ఆరేసిన బట్టల మీద బొగ్గు దుమ్ము పడదు. మా ఆయన మాత్రం ప్రతిదాని పక్కనా మన ఊరిని తెచ్చి నిలబెట్టేవాడు. "రోడ్లు మంచిగున్నయ్ గని, చాయ్ మాత్రం మన చౌరస్తాలనే తాగాలె" అంటూ నా ప్రాణం తోడేశాడు.

రెండో రోజు మధ్యాహ్నం భూమి కింద నడిచే రైలెక్కడానికి పోయాం. టికెట్టుకు బదులు మిషన్ గుండ్రటి నల్ల ప్లాస్టిక్ బిళ్ళలు ఇచ్చింది. ఆయన పడీపడీ నవ్వాడు.

"గీడ గూడ బిళ్ళనే? డ్యూటీ నన్ను ఇడిశిపెట్టేటట్టు లేదు."

ఎస్కలేటర్ మీద కిందికి దిగుతుంటే ఆ నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా రోజూ నేల కిందికి దిగే మనిషి చెయ్యి, అంత చల్లటి చోట, చెమటతో తడిసిపోయి ఉంది.

మేం దిగిన స్టేషన్లో గేటు దగ్గర బిళ్ళను సందులో వేస్తేనే దారి తెరుచుకుంటుంది. బిళ్ళ తిరిగి రాదు. నేను ముందు వచ్చేశాను. ఆయన బిళ్ళ వేశాడు, గేటు తెరుచుకుంది, అయినా కదల్లేదు. అరచెయ్యి చాపి అక్కడే నిలబడ్డాడు. లాంపు రూము కిటికీ ముందు రోజూ నిలబడే అలవాటు! వెనక జనం ఆగిపోయారు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది.

"అది మళ్ల ఇయ్యది, రా!" అని గదిమి, విసురుగా పైకెళ్లే ఎస్కలేటర్ ఎక్కేశాను.

పైన రోడ్డు మీద ఆయన పిడికిలి విప్పాడు. అందులో ఇత్తడి బిళ్ళ ఉంది. ఆయన నంబరే. గుర్తు కోసం అంచున ఆకురాయితో ఆయన పెట్టుకున్న గాటు కూడా ఉంది.

"మిషనే ఇచ్చింది" అన్నాడు.

ఆట పట్టిస్తున్నాడని నాకు ఒళ్లు మండింది. నాలుగు మాటలు అన్నాను కూడా. అంతలో ఆయన ఫోన్ మోగింది, స్పీకర్ పెట్టాడు. లాంపు రూములో పనిచేసే సాదిక్.

"అన్నా, నువ్వు సెలవుల ఉన్నవ్ గద? నీ మేకుకు బిళ్ళ ఉన్నదేంది? నల్లగున్నది, ప్లాస్టిక్‌ది. పొద్దటి షిఫ్టు లెక్క కలుస్తలేదు. ఒక మనిషి లోపల్నే ఉండిపోయిండని దేవులాడుతున్నరు. నాకు ఫికరైతున్నది, నువ్వేడ ఉన్నవ్?"

"బ్యాంకాక్‌ల" అన్నాడు మా ఆయన. చేతిలోని బిళ్ళను చూసుకుని, "నేల మీదనే ఉన్న" అన్నాడు.

గనిలో ఎవరూ దొరకలేదట. ఇంటికి రాగానే చెప్పులైనా విడవకుండా దేవుడి గూడు చూశాను. భరిణె కింద కుంకుమలో గుండ్రటి అచ్చు ఉంది, బిళ్ళ లేదు. సాదిక్ ఆ నల్ల బిళ్ళ తెచ్చి ఇచ్చాడు. అక్కడ మేం కొన్నవాటికి రంధ్రం లేదు. దీనికి ఉంది, సరిగ్గా మేకు పట్టేంత.

లాంపు రూములో ఎవరో తమాషా చేశారనుకుంటే లెక్క సగమే కుదురుతుంది. మిగతా సగం ఎన్నిసార్లు వేసినా కుదరదు. భయమేసింది. బాయి మానేసి పైన ఏదైనా పని అడగమని ఆయన్ని బతిమాలాను. ఆయన వినలేదు. ఇప్పటికీ దిగుతున్నాడు, షిఫ్టు అయ్యాక ఇంటికొస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ గడపలోనే బిళ్ళ చూపించమంటాను.

పోయిన నెల అన్నం తింటూ తింటూ ఆగిపోయాడు.

"ఆ దినం మనం మీదికి ఎట్లొచ్చినమే? దిగింది యాదికున్నది. చెయ్యి చాపింది యాదికున్నది. ఎక్కింది యాదికొస్తలేదు."

"ఎస్కలేటర్ మీద. నా ఎనకనే వచ్చినవ్" అన్నాను వెంటనే.

ఆయన తలూపి మళ్లీ తినసాగాడు. ఆ రోజు కోపంలో ఎస్కలేటర్ మీద ముందు నిలబడ్డ నేను, పైకి వచ్చేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.