రేకుల షెడ్డు కింద గ్యాస్ బావి

2023, వర్షాకాలం. నానక్‌రామ్‌గూడలో ఏసీ ఆఫీసులో కూర్చుని కోనసీమ కొబ్బరితోటల కింద ఇనుము వెతకడం నా ఉద్యోగం. ఒకప్పుడు చమురు, గ్యాస్ కోసం తవ్వి వదిలేసిన బావుల ఆనవాళ్లు పైన కనబడవు. లోపల నిలువునా దించిన ఉక్కు గొట్టం, అంటే కేసింగ్, అలాగే ఉంటుంది. డ్రోన్‌కు మాగ్నెటోమీటర్ వేలాడదీసి ఎగరేస్తే, ఆ ఉక్కున్న చోట అయస్కాంత రీడింగు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ డేటాతో మ్యాపు తయారుచేసేది నేను.

ఆసారి మా క్లయింటు మదీనాగూడలో ఉండే మేరీగారు, రిటైరైన టీచరు. కోనసీమలో కొన్న స్థలంలో పసిపిల్లల బడి కట్టిస్తున్నారు. అక్కడెక్కడో పాత గ్యాస్ బావి ఉందని ఊళ్లో అనుకుంటుంటే భయపడి మా దగ్గరకొచ్చారు. సరిగా మూయని బావి మీద గది కడితే గ్యాస్ లోపల చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

మ్యాపులో ఎక్కడా ఏమీ కనిపించలేదు. ఒక మూల మాత్రం డేటా కత్తిరించేసి తెల్లగా ఉంది. అక్కడ సిమెంటు బస్తాల కోసం వేసిన రేకుల షెడ్డుంది. రేకులు, కరెంటు స్తంభాలు ఇచ్చే సిగ్నల్‌ను కల్చరల్ నాయిస్ అంటాం, అంటే మనుషులు పెట్టిన ఇనుము చేసే గోల. దాన్ని కత్తిరించేయడం మా వృత్తిలో అందరి అలవాటు. ఇనుము కోసం వెతుకుతూ ఇనుమునే పారేస్తున్నామేమిటని నాకు ఒళ్లు మండింది.

"ఆడ సిగ్నల్ రేకులదే గదా. జర జల్ది రిపోర్ట్ పంపెయ్," అన్నాడు మా మేనేజర్ శ్రీను.

"షెడ్డు తీసి మళ్ల ఎగరేసినంకనే పంపుత అన్నా. పిల్లలు కూసునే జాగ అది."

మేరీగారికి ఫోన్ చేసి చెప్పాను.

"వానల్లో షెడ్డు విప్పితే సిమెంటు గడ్డకట్టుకుపోద్దమ్మా. మేస్త్రీ ఎల్లుండే పునాది పోస్తానంటున్నాడు."

"ఆపించండి మేడమ్. బస్తాలు పక్కింట్లో పెట్టించండి."

"సరేనమ్మా. అనుమానం పెట్టుకుని పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టలేను. నేనే వెళ్లి దగ్గరుండి విప్పిస్తాను."

రేకులు దూరంగా మోయించి మళ్లీ ఎగరేశాం. రేకులు పోయినా ఆ మూల సిగ్నల్ బలంగానే వచ్చింది, అంటే ఇనుము నేలలోనే ఉంది. సంబంధిత శాఖవాళ్లు గ్యాస్ మీటరు పెట్టుకుని జాగ్రత్తగా తవ్వితే ఛాతీలోతున కేసింగ్ మూతి బయటపడింది. గుంతలో చేరిన వాననీళ్లలో బుడగలు లేస్తున్నాయి. ఆ వీడియో నాకు పంపి ఫోన్ చేశారు.

"ఎల్‌కేజీ గది అక్కడే అనుకున్నానమ్మా," అన్నారు మేరీగారు.

బావికి సీలు వేశారు. బడిని ఆ స్థలం రెండో చివరికి జరిపారు. కత్తిరించిన చోటును నేనిప్పుడు మ్యాపులో తెల్లగా వదలను. "ఇక్కడ చూడలేదు" అని ఎర్రగా రాస్తాను. క్లయింట్లు మొహం మాడ్చుకుంటారు, శ్రీను విసుక్కుంటాడు. అయినా రాస్తాను. ఆ మాట చదివితేనే ఎవరో ఒకరు వెళ్లి చూస్తారు.