మేస్త్రీ మాట ఆఖరున

పీరయ్య మేస్త్రీది మహబూబ్‌నగర్ పక్క పల్లె. కూలికని పట్నం వచ్చి, లోయర్ ట్యాంక్ బండ్ దగ్గరి బస్తీలో కిరాయికి ఉంటూ, చిక్కడపల్లి చుట్టుపక్కల ఇళ్లకు మరమ్మతులు చేస్తూ ముప్పై ఏళ్లు గడిపేశాడు. చేతిలో పనితనం ఎంత ఉందో మాటలో దురుసూ అంతే. భార్య మాసమ్మ సిమెంటు మాలు కలిపి తట్ట మోసేది. ప్లంబర్ నగేష్ పైపులు చూసేవాడు. పీరయ్య చెప్పింది చేయడమే ఇద్దరి పనీ.

రెండేళ్ల కింద నారాయణగూడలో ఒకరింట్లో గోడకు చెమ్మ పట్టింది. పీరయ్య ఒక్క చూపు చూసి పక్కనున్న బాత్‌రూమ్ బండలు లేపమన్నాడు.

"పైకెల్లి దిగుతున్నట్టుంది. జర ఆగి చూద్దామా?" అంది మాసమ్మ.

"తట్ట మోసేదానివి, నీకేం ఎరుక?" అన్నాడు, అందరి ముందే.

బండలన్నీ లేచాయి. కింద నేల పొడిగా ఉంది. చెమ్మ పైనుంచే.

ఆ ఇంటాయన ఎన్ని మాటలన్నాడో పీరయ్యకిప్పుడు గుర్తులేదు. మాసమ్మ వంగి విరిగిన బండలు ఏరడమే గుర్తుంది. ఆ తర్వాత నెలరోజులు పనిలో ఆమె నోరు విప్పలేదు. కట్టే గోడ వంకరపోతున్నా చూసి ఊరుకుంది.

"చూస్తున్నవ్ గద, చెప్పొద్దా?" అని అరిచాడు ఒకనాడు.

"ఎవరికి చెప్పాలె?" అందామె.

ఆ మాట అతన్ని చాలా రోజులు తొలిచింది. చివరికి ఒక పద్ధతి పెట్టాడు. పలుగు పట్టకముందు అందరూ కూర్చోవాలి. ఎవరైనా తాము చూసింది చెప్పాలి, అనుకున్నది కాదు. మేస్త్రీ ఆఖరున మాట్లాడాలి. పెట్టడమైతే పెట్టాడు గానీ, నోరు కట్టుకుని కూర్చోవడం సిమెంటు బస్తా మోసినంత పనయ్యేది.

మొన్న ఎండాకాలం అశోక్‌నగర్‌లో, పోటీపరీక్షలకు చదివే ఆడపిల్లల హాస్టల్ నుంచి కబురొచ్చింది. కింది గదిలో గోడ తడిసి పుస్తకాలు బూజు పడుతున్నాయట. హాస్టల్ నడిపే బాలత్రిపురసుందరి గారు అప్పటికే తేల్చేశారు.

"పైన బాత్‌రూమే పీరయ్యా. పగలగొట్టేయండి."

పీరయ్యకూ అదే తోచింది. మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, "ముందుగాల కూసుందాం మేడమ్. గీ గదిల ఉండే పిల్లను గూడ పిలువుండ్రి" అన్నాడు.

మహిత అనే అమ్మాయి పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చింది.

"ఆదివారం సాయంత్రం బాగా తడుస్తుందండీ. గురువారానికల్లా ఆరిపోతుంది."

"బాత్‌రూమ్ రోజూ వాడుతరు గద? గదే అయితే రోజూ తడవాలె" అన్నాడు నగేష్.

మాసమ్మ గోడమీద అరచెయ్యి ఆనించి చూసింది. "తడి బాత్‌రూమ్ కింద లేదు. కిటికీ మూలకెల్లి మొదలైంది. సబ్బు వాసనొస్తుంది."

"ఆదివారం మేమందరం మేడమీద బట్టలుతుకుతాం!" అంది మహిత.

పీరయ్య అప్పటికీ తన అనుమానం వదులుకోలేదు. "రెండూ చూద్దాం" అన్నాడు.

నీళ్లలో నీలిమందు కలిపి, తూము మూసి, బాత్‌రూమ్‌లో గంటసేపు నిలబెట్టారు. గోడ ఎలా ఉందో అలాగే ఉంది. తర్వాత నగేష్ మేడమీద కూడా నీలినీళ్లే బకెట్లతో కుమ్మరించాడు. మాసమ్మ మెట్లమీద నిలబడి కింది మాట పైకీ, పైమాట కిందికీ అందించింది. మహిత, పీరయ్య గోడకు కళ్లప్పగించారు. ఏడో బకెట్‌కు కిటికీ మూలలో నీలిచుక్క పొటమరించింది.

"వచ్చింది!" అని మహిత కేకేసింది.

మేడమీది నీళ్లు దిగేందుకు గోడలో దాచిన వాన గొట్టం అతుకు విడిపోయి ఉంది. జానెడు మేర తొలిచి సాయంత్రానికల్లా బాగుచేశారు. బాత్‌రూమ్‌లో ఒక్క బండ కూడా కదలలేదు. తన మాటే ముందు చెప్పి ఉంటే మిగతా వాళ్లు నోరు తెరిచేవాళ్లు కారని పీరయ్యకు తెలుసు.

వారం తర్వాత సుందరి గారు ఫోన్ చేశారు. "విద్యానగర్‌లో మా ఆడపడుచు వంటగది చెమ్మెక్కుతోంది. మాసమ్మను ఒకసారి పంపుతావా? చూసి చెబుతుంది."

మేస్త్రీని కాదు, మాసమ్మను. గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంది. అయినా ఆ మాట ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పాడు.

"నువ్వు రావా?" అంది మాసమ్మ.

"నాకు గీడ గచ్చు పనుంది. నగేష్‌ను తీస్కపో."

ఆమె చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని బయల్దేరింది. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూసి, పీరయ్య గొంతుక్కూర్చుని మాలు తానే కలుపుకోవడం మొదలుపెట్టాడు.