శుక్రవారం సాయంత్రం ఆగిన సరుకు

బంధువని కూడా చూడకుండా, శుక్రవారం దీపాలు పెట్టిన వేళ, సొంత బావమరిది సరుకు పట్టి ఉంచుకున్న మనిషి. మా పెదనాన్న మీద ఉన్న అభియోగం ఇది. ఆయన కిందటి నెల గుండె ఆగి కన్నుమూశారు. పెద్దకర్మ నాడు, ఆయన ఇంట్లోనే విస్తళ్ళ ముందు కూర్చున్న పెద్దలే ఈ మాటను మళ్ళీ తవ్వి తీశారు. వడ్డిస్తున్న నేను విన్నాను. లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దమ్మ కూడా విన్నది. నేను నోరు తెరవకముందే మా అమ్మ నా మోచేయి పట్టుకుంది. మన సంఘ పత్రిక ఈ సంచిక వర్తకుల ఇళ్ళన్నిటికీ వెళుతుంది కనుక, ఆనాడు మింగిన జవాబును ఇక్కడ చెబుతున్నాను.

సరుకు ఆపిన మాట నిజం. అది క్రౌర్యమన్న తీర్పును మాత్రం ఒప్పుకోను.

పెదనాన్న రేవు ఏజెంటు. ఓడలో దిగిన పెట్టెలను కస్టమ్స్ దాటించి, లారీకెత్తించి, వాషర్‌మెన్‌పేట్‌లో తన ఇంటి వెనుక ఉన్న గోడౌన్‌కు తెచ్చి, అక్కడి నుంచి వ్యాపారి కొట్టుకు చేర్చడం ఆయన పని. ఈ దారిలో అయ్యే రేవు రుసుము, లారీ కిరాయి, మోతకూలి ముందుగా ఏజెంటే భరిస్తాడు. వ్యాపారి తరువాత ఇస్తాడు. ఇవ్వకపోతే చేతిలో ఉన్న సరుకును ఆపవచ్చు. పాత బాకీకి కొత్త సరుకును ఆపాలంటే మాత్రం ఒప్పందంలో ఆ మాట ముందే ఉండాలి. పెదనాన్న ఒప్పందంలో ఉంది. దాన్ని చిన్న అక్షరాల్లో దాచి సంతకం తీసుకునే అలవాటు ఆయనకు లేదు. కొత్తగా వచ్చిన ప్రతి వ్యాపారినీ కూర్చోబెట్టి, ఆ ఒక్క షరతును తెలుగులోనో తమిళంలోనో పైకి చదివి వినిపించేవారు. విన్నాకనే కాఫీ తాగనిచ్చేవారు.

పురసవాక్కంలో ఫ్యాన్సీ కొట్టు నడిపే బావమరిదికి, అంటే మా పెద్దమ్మ తమ్ముడికి కూడా చదివారు. బావమరిది పకపక నవ్వాడట. “మనలో మనకేంది బావా ఇదంతా? కాఫీ చల్లారిపోతా ఉండాది.” పెదనాన్న కాఫీ పక్కకు జరిపి, షరతును మళ్ళీ మొదటి నుంచి చదివారట.

పెరంబూరు నుంచి ఆదివారాలు నేను ఆ ఇంటికి వెళ్ళేదాన్ని. కళాశాల వాదపోటీల్లో గెలిచిన పొగరంతా ఆయన ముందు పరిచేదాన్ని. ఒకసారి, ఇలా సరుకు ఆపడం బలవంతుడి ఆయుధమని అరగంట వాదించాను. ఆయన వేరుశనక్కాయలు వలుస్తూ ఓపికగా విన్నారు.

“బలవంతుడా? సరుకు నా చేతిలో ఉండేంతవరకే అమ్మాయీ నాకు నోరు. లారీ ఎక్కించి పంపేసినాక వాళ్ళ కొట్టు ముందర నిలబడి అడుక్కునేవాణ్ణి నేను. సరే, ఇప్పుడు నా పక్క నుంచి వాదించు, చూద్దాం.”

వాదించాను. ఆ పక్క నుంచి కూడా గెలిచాననుకున్నాను. “గొంతు బాగుండాది,” అన్నారు, ఇంకో కాయ వలుస్తూ.

ఆపిన సరుకు ఆయన ఇంట్లో అతిథిలా ఉండేది. “పట్టుకునే హక్కుండాది గానీ ముట్టుకునే హక్కు లేదు,” అనేవారు. తమిళుల ఐప్పసి నెలలో పడే వానలకు వీధిలో నీళ్ళు నిలిచినప్పుడు, ఇంట్లోని మంచపు బల్లలు ఊడదీసి గోడౌన్‌లో పెట్టెల కింద పరిచిన మనిషి. ఆ వేళ పెద్దమ్మ బీరువా కింది అరలోకి నీళ్ళు వచ్చాయి. తడిసిన పట్టుచీరలు పిండుతూ ఆమె అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది: “ఊరోళ్ళ పెట్టెలకేమో బల్లలు, నా చీరలకేమో స్నానం. నేను గూడా ఓడలో దిగుంటే బాగుండు!” ఆయన నవ్వి, చీర రెండో కొస పట్టుకుని పిండారు.

ఇక ఆ శుక్రవారం. పెద్దమ్మ నోట విన్నదే చెబుతున్నాను. దీపావళి దగ్గరపడింది. బావమరిది సీరియల్ లైట్లు తెప్పించాడు. పెట్టెలు గోడౌన్‌కు చేరాయి. అంతకుముందు తెప్పించిన సరుకుల బాకీ అలాగే ఉంది. కూలి కోసం మోతవాళ్ళు వరండాలో కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ దీపం పెట్టి ఇవతలకు వచ్చేసరికి తమ్ముడు ఆటో తీసుకుని గుమ్మంలో దిగాడు. దీపాలు పెట్టాక శుక్రవారం పూట మన ఇళ్ళలో డబ్బు గడప దాటదు. ఆ సంగతి తెలిసే ఆ వేళకు వచ్చాడు.

“బావా, ఈ పొద్దు శుక్రవారం. లచ్చిమిని ఇంట్లో నుంచి పంపకూడదు గదా. సరుకు ఇయ్యి, దుడ్లు తరువాత చూసుకుందాం.”

పెదనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నీ ఇంట్లోనేనా శుక్రవారం? మా ఇంట్లో గూడా దీపం పెట్టేసినారు. మా లచ్చిమి ఈ పెట్టెల్లో ఉండాది. ఆమెను నేనెట్టా పంపేది?”

వరండాలోంచి ఒక ముసలి మోతకూలీ అందుకున్నాడు. “అయ్యా, మా ఇండ్లకి లచ్చిమి ఏ వారం వస్తాదో చెప్తే, ఆ పొద్దే వచ్చి మూటలు మోస్తాం!”

అందరూ నవ్వారు. బావమరిది ముఖం కందిపోయింది. “సుమ్మా, ఊరికే చూస్తా ఉండావే అక్కా! నువ్వైనా చెప్పు.”

“నేనేం చెప్పేదిరా? ఆయన ముందే చదివి చెప్పినాడు. నువ్వు కాఫీ చల్లారిపోతాదన్నావు.”

మర్నాడు ఉదయం బాకీ మొత్తం వచ్చింది. ఆ డబ్బు మధ్యాహ్నానికి లారీ యజమానికీ మోతవాళ్ళకూ చేరింది. పెట్టెలు పురసవాక్కం వెళ్ళాయి. దీపావళికి ఆ కొట్టు ముందు లైట్లు వెలిగాయి. బేరం బాగా సాగిందని విన్నాను. ఇంతకూ నష్టపోయిందెవరు? పెదనాన్న దయ చూపి ఉండవలసిందని పెద్దకర్మ నాడు అన్నవారిని ఒకటే అడుగుతాను: ఎవరి సొమ్ముతో? కూలివాడు ఎదురుచూస్తుండగా అతని కూలితో బంధువుకు మర్యాద చేయడాన్ని దయ అనడం నాకు చేతకాదు.

అయినా ఈ వాదంలో ఒక చోట నా కాలు నిలవదు. దాన్ని దాచను. ఆ తరువాత బావమరిది ఇంట్లో పెళ్ళి జరిగింది. వీధి వీధంతటికీ శుభలేఖలు వచ్చాయి, మా పెద్దమ్మకు తప్ప. ఎవరైనా అడిగితే, “వచ్చేవుంటాది, ఈయన ఎక్కడో పెట్టి మరిచిపోయుంటాడు,” అని ఆమె నవ్వేసేది. తమ్ముడిని చూసి తక్కిన బంధువులూ పిలవడం మానుకున్నారు. చివరిసారి నేను వెళ్ళినప్పుడు పెదనాన్న చాలా నెమ్మదిగా అన్నారు: “హక్కు నాది. దానికి కిరాయి కట్టింది మాత్రం మీ పెద్దమ్మ.” ఈసారి మరో పక్క నుంచి వాదించమని ఆయన అడగలేదు.

ఆయనను మీరు మెచ్చుకోనవసరం లేదు. ఆయన ఎవరికీ బాకీ లేకుండా వెళ్ళారు. కానీ ఆయన భార్య చేసిన నేరమేమిటో మీలో ఒక్కరైనా చెప్పగలరా? ఇప్పుడు ఆమె భర్త పోయిన మనిషి కనుక, పిలవకపోవడానికి మీకు రెండో సాకు కూడా దొరికింది. ఆ సాకునూ నేను ఒప్పుకోను. ఈ సంచిక చదివే ప్రతి ఇంటినీ, ముఖ్యంగా పురసవాక్కంలోని ఆమె పుట్టింటిని, నేను కోరుతున్నది ఇది: మీ ఇంట జరగబోయే పెళ్ళికి వాషర్‌మెన్‌పేట్ వచ్చి, శుభలేఖ ఆమె చేతిలోనే పెట్టి, నోరారా పిలవండి. ముహూర్తం నాడు మండపంలో ముందు వరసలో ఒక కుర్చీ వేయండి. ఎంత పెద్దమనిషి వచ్చి అడిగినా సరే, మా పెద్దమ్మ వచ్చేదాకా అందులో ఎవరినీ కూర్చోనివ్వకండి.