రాంగెల్ చదివిన దారి

నా నేస్తం రాంగెల్‌కి ఒకటే జబ్బు. కళ్ళెదుట ఉన్నదాన్నయినా సరే, గైడ్‌బుక్కులో చూసి పైకి చదివితే తప్ప అది ఉన్నట్టు ఒప్పుకోడు. చదవడమంటే గొణుక్కోవడం కాదు. ఉద్యోగమంతా మెజ్ద్రా స్టేషన్లో రైళ్ల రాకపోకలు ప్రకటించిన గొంతు అది. వాడు "ఎదురుగా కొండ కలదు" అని చదివితే ఆ కొండ మీది గొర్రెలు మేత మానేసి తలెత్తేవి.

"కనిపిస్తోందిలేరా, కొండే కదా!" అనేవాణ్ణి.

"నీకు కనిపిస్తే సరా? పుస్తకంలో ఉండొద్దూ?"

ఇక నా ఘనత కూడా చెప్పుకోవాలి. సోఫియాలో ట్రాము నడిపి రిటైరయ్యాను. ఒక్కనాడూ దారి తప్పలేదని ఊరంతా డప్పు కొట్టుకునేవాణ్ణి. పట్టాల మీద పోయే బండి దారి తప్పాలంటే ఎంత కష్టపడాలో ఎవరూ అడగలేదు. రాకీయా సారా రెండు గుక్కలు లోపలికి పోతే చాలు, డిపోలో బల్ల గుద్ది ఒకటే మాట: "రిటైరవగానే కోమ్ శిఖరం మీద గులకరాయి ఏరతా. బాల్కన్ కొండల వెన్ను మీదుగా ఎమినే ఒడ్డు దాకా నడుస్తా. ఆ రాయి నల్లసముద్రంలో పారేస్తా." చెప్పగా చెప్పగా నా పేరు మెతోదీ అన్న సంగతి అందరూ మరిచిపోయి 'గులకరాయి' అని పిలవడం మొదలెట్టారు.

తీరా రిటైరయ్యేసరికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. నాకు కత్తంటే చచ్చే భయం. కాబట్టి నా కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయని నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఈ సంగతి మా ఆవిడ గింకాకి తెలిస్తే గడప దాటనివ్వదు. నాతో నడకకి వస్తానన్న రాంగెల్‌కి తెలిస్తే వెంట రాడు. ఎవరికీ తెలియకుండా సముద్రం చేరాలి. డిపోలో పరువు మొత్తం ఆ గులకరాయి మీదే ఉంది.

గైడ్‌బుక్కు కొనడానికి ఇద్దరం పుస్తకాల దుకాణానికి వెళ్లాం. రాంగెల్‌కి ఒక్కటీ నచ్చదు. లావుపాటిది తీసి, "దీన్ని మొయ్యడానికి ఒక గాడిద కావాలి" అన్నాడు. ఫొటోలున్నది తిరగేసి, "ఇందులో ఎత్తెక్కేవాళ్ళంతా నవ్వుతున్నారు. అబద్ధాల పుస్తకం" అన్నాడు. నేనేం తక్కువ తిన్నానని ఒకటి అందుకుని తెరిచాను.

"ఆహా, పటమంటే ఇదిరా! లోయలన్నీ ఎంత చక్కగా విడదీశాడో చూడు."

రాంగెల్ పుస్తకాన్ని చూశాడు. నన్ను చూశాడు.

"అవున్రా. చాలా చక్కగా విడదీశాడు" అని దాన్ని నా చేతిలోంచి తీసి పెట్టేసి, దుకాణం మొత్తంలో అతి సన్నటి పుస్తకం కొన్నాడు.

"ఇంత బక్కదా?"

"మొయ్యడానికి తేలిక. చదవడానికి నేనున్నాగా."

నడక మొదలయ్యాక తెలిసింది, ఆ బక్క పుస్తకంలో లేనిది లేదు. "అడ్డంగా తడిసిన వేరు కలదు. కాలు ఎత్తవలెను" అని చదివేవాడు. ఎత్తేవాణ్ణి. "కుడిచేతి వైపు చెట్టు మీద దారి గుర్తు కలదు. ఎర్ర గీత, పైనా కిందా తెల్ల గీతలు. దారి ఇదే." తిరిగేవాణ్ణి. "కాపలా కుక్క వచ్చుచున్నది. కదలక నిలబడవలెను." నిలబడ్డాక నిజంగానే కుక్క మొరిగేది.

"కుక్క సంగతి కూడా రాశాడ్రా మహానుభావుడు!" అని ఆ రచయితకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఒక కొండ బసలో చిక్కుడుగింజల సూపు తాగుతుంటే కాలినా అనే అమ్మాయి కలిసింది. ప్లోవ్దివ్‌లో మందుల షాపు నడుపుతుందట. ఒంటరిగా నడుస్తోంది. చేతిలో అదే బక్క పుస్తకం.

"బాబాయ్, పొద్దుట్నుంచీ మీ వెనకే వస్తున్నా. ఆ వేర్లూ కుక్కలూ నా పుస్తకంలో లేవే?" అంది.

"సరిగా చదివుండవమ్మా. ఇలా రా" అని రాంగెల్ ఆ అమ్మాయిని కట్టెల మోపు దాకా తీసుకెళ్లాడు. ఏం చెప్పాడో తెలీదు. తిరిగొచ్చి కాలినా, "అవును బాబాయ్, ఉన్నాయి. పేజీ అడుగున, సన్నక్షరాల్లో" అంది. ఈకాలం పిల్లలకి చదవడం రాదని నేను ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. పాపం, శ్రద్ధగా వింది. ఆ రాత్రంతా రొట్టె, గ్లాసు, చెంచా తీసి నా చేతిలోనే పెట్టింది. నా పెద్దరికం మీద గౌరవం కాబోలని మీసం దువ్వుకున్నాను.

మర్నాడు పొగమంచు. బండరాళ్ళ అంచు వెంబడి ఇనుపతాడు పట్టుకుని పోవాలి. కింద ఏముందో నాకు కనిపించదు. కనిపించకపోవడం వల్లే ఇంకా భయం. తాడు పట్టుకుని అక్కడే ఆగిపోయాను. ముందు నుంచి స్టేషన్ గొంతు వినిపించింది. "కుడిచెయ్యి తాడు మీద ఉంచవలెను. ఎడమ కాలి కింద మెట్టు కలదు. ఇంకాస్త కిందికి. తొందరపడవద్దు మెతోదీ."

"పుస్తకంలో నా పేరు కూడా ఉందా?"

"పేరు నేను కలిపాన్లే. నడువు."

ఎలాగైతేనేం, ఎమినే చేరాం. ఉప్పుగాలి మొహానికి కొట్టింది. జేబులోంచి గులకరాయి తీశాను.

"ఎదురుగా సముద్రం కలదు" చదివాడు రాంగెల్. "కొంచెం ఎడమకు తిరిగి విసరవలెను. కుడిపక్క జాలరి కూర్చున్నాడు."

"జాలరి కూడానా!"

"రోజూ అక్కడే కూర్చుంటాడేమో!"

విసిరాను. ఎవరూ తిట్టలేదు కాబట్టి సముద్రంలోనే పడిందనుకున్నాను. పసిపిల్లాడిలా ఏడ్చాను కూడా.

ఇంటికొచ్చిన వారానికే గింకా పట్టేసింది. పిల్లి అనుకుని ఆవిడ బొచ్చు టోపీని ఒళ్ళో పెట్టుకుని ముద్దు చేస్తున్నాను. చెవి పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్ళింది. నేను అంతగా భయపడ్డ కత్తి, నా అరుపులు అయ్యేలోపే దాని పని కానిచ్చేసింది.

చూపు రాగానే చేసిన మొదటి పని, ఆ బక్క పుస్తకం ఒకటి నేనూ కొనుక్కోవడం. తాడు పట్టుకుని నడిచిన రోజు కోసం వెతికాను. "శిఖరం మీదుగా తూర్పుకు సాగాలి. జాగ్రత్త." అంతే. పేజీ అడుగున చూశాను. పేజీ నంబరుంది. వేరు లేదు, కుక్క లేదు, జాలరి లేడు. తాడు పట్టుకుని నడుస్తూ రాంగెల్ పుస్తకం ఎలా తెరిచి చదివాడో ఆ రోజు నా బుర్రకి తట్టలేదు. తిన్నగా రాంగెల్ ఇంటికి వెళ్లాను.

"నీకు ఎప్పుడు తెలిసిందిరా?"

"దుకాణంలో. నువ్వు మెచ్చుకున్నది పటం కాదురా గులకరాయీ, గొర్రెపిల్లని ముక్కలు కొట్టే బొమ్మ. అది వంటల పుస్తకం."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు వచ్చేవాడివా?"

వెళ్లేవాణ్ణి కాదు. ఆ మాట నాకూ తెలుసు, వాడికీ తెలుసు. గట్టిగా వాటేసుకున్నాను. "ఎముకలు కలవు, మెల్లగా నొక్కవలెను" అన్నాడు.

ఆ ఆదివారం ఇద్దరం వితోషా కొండకి వెళ్ళాం. ఆకు ఆకూ కనిపిస్తోంది. గీతలన్నీ నేనే ముందు చూస్తున్నాను. రాంగెల్ పుస్తకం తియ్యలేదు. ఒకటి రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. నాకు ఆ నడక బొత్తిగా రుచించలేదు.

"చదవరా" అన్నాను.

"ఎందుకు? నీకు కనిపిస్తోందిగా."

"నాకు కనిపిస్తే సరా? పుస్తకంలో ఉండొద్దూ?"

వాడి మొహం చాటంత అయింది. సంచిలోంచి బక్క పుస్తకం తీసి, గొంతు సవరించుకుని, చెట్ల మీది కాకులన్నీ లేచిపోయేలా ప్రకటించాడు: "అడ్డంగా తడిసిన వేరు కలదు. కాలు ఎత్తవలెను."

చూశాను. అక్కడ వేరూ లేదు, తడీ లేదు. కాలెత్తి, జాగ్రత్తగా దాటాను.